నల్ల అట్ట పుస్తకాల్లో ఉన్న మీ వార్డుల లెక్క

తెలుగు రాష్ట్రాల బోధనాసుపత్రుల సూపరింటెండెంట్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

మా కాలేజీ లైబ్రరీలో కిటికీ పక్కన ఒక ఇనప బీరువా ఉంది. నల్ల అట్టల మీద బంగారు రంగు అక్షరాలు కొట్టించి బైండు చేసిన పుస్తకాలు అందులో వరసగా నిలబెట్టి ఉంటాయి. అవి ఫార్మ్ డి అనే ఆరేళ్ళ ఫార్మసీ కోర్సులో ఐదో ఏడాది పిల్లల ప్రాజెక్టులు. ఒక్కొక్క పుస్తకం వెనక ఆరు నెలల పని ఉంది. మీ ఆసుపత్రుల్లో వార్డు వార్డూ తిరిగి, కేస్ షీట్లు తిరగేసి, మంచాల పక్కన నిలబడి, సిస్టర్లను బతిమాలుకుని రాసుకున్న లెక్కలవి. వైవా రోజున బయటి నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు ఓ పావుగంట తిరగేస్తారు. ఆ తర్వాత వాటిని తెరిచేది మళ్ళీ వచ్చే ఏడాది పిల్లలే. అదీ మార్జిన్ ఎంత పెట్టారో చూసుకోడానికి.

లెక్క మీ వార్డుది. పుస్తకం మాత్రం మీ దగ్గరికి రాలేదు. నా ఫిర్యాదు మొత్తం ఇదే. ఇందులో సగం తప్పు మాది కూడా, ఆ సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

నేను ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నాను. మొదట ఆసుపత్రి ఫార్మసీ కిటికీ వెనక నిలబడి మందులిచ్చాను. ఇప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని వార్డులకు వెళ్తున్నాను. మందుల మీద పరిశోధన అనగానే మన వాళ్ళకు హైదరాబాదు చుట్టూ ఉన్న ల్యాబులు, కొత్త మాలిక్యూల్స్ గుర్తొస్తాయి. మాది ఆ పరిశోధన కాదు. మందు ఫ్యాక్టరీలో సరిగానే తయారైంది, స్టోర్స్‌లో సరిగానే ఉంది, డాక్టరు గారు సరైనదే రాశారు. అక్కడి నుంచి అది రోగి ఒంట్లోకి చేరేదాకా ఉండే దూరమే మా సబ్జెక్టు. కొన్ని వార్డుల్లో ఆ దూరం ముప్ఫై అడుగులు కూడా ఉండదు. కానీ అంతలోనే ఎన్ని చేతులు మారుతుందో చూడండి. రౌండ్స్‌లో సార్ నోటితో చెప్పింది రాసుకునే పీజీ, కేస్ షీట్ నుంచి మందుల పుస్తకంలోకి ఎక్కించే సిస్టర్, ఇండెంట్ (వార్డుకి కావాల్సిన మందుల చీటీ) పట్టుకెళ్ళే వార్డ్ బాయ్, స్ట్రిప్ కత్తిరించి ఇచ్చే ఫార్మసిస్టు, చివర్న తల్లికి బిళ్ళ మింగించే కొడుకు.

పిల్లల వార్డు సంగతే తీసుకోండి. జ్వరానికిచ్చే పారాసిటమాల్ మందునీళ్ళు మన దగ్గర కనీసం మూడు బలాల్లో దొరుకుతాయి. ఒక సిరప్‌లో 5 మి.లీ.కి 125 మి.గ్రా., ఇంకో సిరప్‌లో అదే 5 మి.లీ.కి 250 మి.గ్రా. చుక్కల మందులో అయితే ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. చుక్కల మందు మి.లీ. చొప్పున పోయడం అలవాటైన తల్లి, అది అయిపోయి 125 సిరప్ తెచ్చుకుని అదే మి.లీ. పోస్తే బిడ్డకు పడేది 25 మి.గ్రా. జ్వరం దిగదు, మళ్ళీ ఆసుపత్రికి పరుగు. అటుది ఇటైతే ఇంకా ప్రమాదం. సిరప్ 5 మి.లీ. పోసే చెయ్యి చుక్కల మందు 5 మి.లీ. పోస్తే ఒకేసారి 500 మి.గ్రా. పోసినట్టు. మా పిల్లలు తల్లుల్ని "ఎంత పోస్తారమ్మా?" అని అడగరు. అడిగితే అందరూ సరిగానే చెబుతారు. "ఒకసారి పోసి చూపించండమ్మా" అంటారు. అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. ఒకరు మూతకు సగం పోస్తారు, ఒకరు టీ చెంచాతో, ఇంకొకరు వేరే మందుకొచ్చిన మూతతో పోస్తారు. ఆ తల్లుల్లో చదువుకున్న వాళ్ళు కూడా ఉన్నారు.

ఇన్సులిన్ కథ దీని కంటే పాతది. మన దేశంలో వయల్‌లో, అంటే చిన్న సీసాలో వచ్చే ఇన్సులిన్ చాలావరకు మి.లీ.కి 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి. మి.లీ.కి 100 యూనిట్లది కూడా వస్తుంది. దానికి నారింజ మూత సిరంజి. డిశ్చార్జ్ అయిన రోగి కొడుకు బయట షాపులో "ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి" అంటాడు. ఏ మూతది అని అడిగే తీరిక షాపులో ఎవరికుంది? 100 యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 50 యూనిట్లు. తెల్లారేసరికి మనిషి లేవడు. 40 యూనిట్లదాన్ని నారింజ మూత సిరంజిలో అదే 20 గీత దాకా లాగితే వెళ్ళేది 8 యూనిట్లు. షుగర్ దిగదు, "ఈ మందు మా నాయనకు పడటం లేదు" అంటారు. డాక్టరు గారు డోసు పెంచుతారు. ఆ తర్వాత ఎప్పుడో ఒకసారి సరైన సిరంజి దొరుకుతుంది. ఇక చెప్పేదేముంది.

వీటిలో ఏదీ ఎవరి దుర్మార్గమూ కాదు. చాలావరకు ఎవరి అజ్ఞానమూ కాదు. మూత రంగు, చెంచా కొలత, కత్తిరించిన స్ట్రిప్ మీద ఎగిరిపోయిన పేరు, ఇవే కారణాలు.

కత్తిరించిన స్ట్రిప్ అంటే గుర్తొచ్చింది. కీళ్ళవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మందు. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. రెండూ చిన్న పసుపు బిళ్ళలే. స్ట్రిప్ కత్తిరించి చిన్న కాగితం పొట్లంలో వేసి ఇచ్చామనుకోండి, ఏది వారానికోసారి, ఏది మిగతా రోజుల్లో అన్నది ఆ పెద్దావిడకు గుర్తుండాలి. మెథోట్రెక్సేట్ రోజూ పడితే నోరంతా పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. చీటీ మీద "వారానికి ఒకసారి" అని రాయడం చాలదు. "ప్రతి బుధవారం" అని వారం పేరు పెట్టి తెలుగులో రాయాలి. ఈ ఒక్క మార్పుకి బడ్జెట్ కూడా అక్కర్లేదు, ఒక పెన్ను చాలు.

పేర్ల గొడవ సరేసరి. 2001లో ఇద్దరు తయారీదారుల మధ్య ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అని రెండు మలేరియా మందుల పేర్లు దగ్గరగా ఉన్నాయన్నది వివాదం. మందుల పేర్లలో గందరగోళం ప్రాణాంతకం కావచ్చు, మిగతా సరుకుల కంటే ఇక్కడ కఠినంగా చూడాలి అని కోర్టు అప్పుడే చెప్పింది. ఇన్నేళ్ళయినా మా ర్యాకుల్లో ఒకే మొదటి మూడు అక్షరాలతో షుగర్ బిళ్ళ, బీపీ బిళ్ళ, గ్యాస్ బిళ్ళ పక్కపక్కనే ఉంటాయి. అక్షరమాల వరసలో సర్దుతాం కదా మరి. జెనరిక్ పేరు, వీలైతే పెద్ద అక్షరాల్లో, చదవగలిగేలా రాయాలని వైద్య మండలి 2016లో నిబంధన మార్చింది. మీ ఓపీలో ఒక రోజు చీటీలు తెప్పించుకుని చూడండి, ఎన్ని అలా ఉన్నాయో. నేను చెప్పను, మీరే లెక్కపెట్టుకోండి.

లెక్కపెట్టడం అన్నానని తేలిగ్గా తీసుకోకండి. మా విద్యలో అన్నిటికంటే కష్టమైన భాగం అదే. "మా ఆసుపత్రిలో మందుల పొరపాట్లు లేవండీ, రిజిస్టర్ ఖాళీగా ఉంది" అని ఒకాయన నాతో గర్వంగా అన్నారు. రిజిస్టర్ ఖాళీగా ఉందంటే పొరపాట్లు జరగలేదనా, రాయలేదనా? అమెరికాలో బార్కర్, మెక్‌కానెల్ అనే ఇద్దరు 1962లోనే దీన్ని తేల్చారు. ఒకే ఆసుపత్రిలో మూడు పద్ధతుల్లో లెక్కపెట్టారు. మామూలుగా రాసే పొరపాటు రిపోర్టులు చూశారు, పేరు లేకుండా రాయమన్నారు, చివరికి మందులిచ్చే నర్సు పక్కన నిలబడి గమనించారు. పక్కన నిలబడి చూసిన లెక్క ముందు రిపోర్టుల లెక్క సముద్రంలో కాకిరెట్ట. ఇప్పటికీ మేము పిల్లలకు నేర్పే పద్ధతి వాళ్ళు చూపించిందే. ఎన్ని తప్పులు అని కాదు, ఎన్ని డోసుల్లో ఎన్ని అని చూడాలి. ఇచ్చిన డోసులూ, ఇవ్వాల్సి ఉండి ఇవ్వని డోసులూ కలిపి కింద వెయ్యాలి, తప్పిన డోసులు పైన వెయ్యాలి. కింది అంకె లేకుండా పై అంకె ఒక్కటే పట్టుకుని ఏ వార్డునీ తిట్టకూడదు. ఎక్కువ మందులిచ్చే వార్డులో ఎక్కువ పొరపాట్లు కనిపిస్తాయి, అంతమాత్రాన అది చెడ్డ వార్డు కాదు.

2010లో సిడ్నీ ఆసుపత్రుల్లో ఇలాగే పక్కన నిలబడి చూశారు. 98 మంది నర్సులు, 4,271 డోసులు. సగానికి పైగా డోసుల్లో మందు ఇస్తుండగా ఎవరో ఒకరు మధ్యలో కదిలించారు. ఒక్కో అంతరాయానికీ పొరపాట్లు సుమారు 12 శాతం చొప్పున పెరిగాయి. సిడ్నీ సంగతి మనకెందుకు అంటారేమో. మన జనరల్ వార్డులో సాయంత్రం ఆరు గంటల ఇంజెక్షన్ల టైములో ఒక్కసారి నిలబడి వినండి. "సిస్టర్, సెలైన్ అయిపోయింది." "సిస్టర్, మా ఆయనకు ఆయాసం." "సిస్టర్, ఎక్స్‌రే ఎక్కడ తీస్తారు?" "సిస్టర్, డ్యూటీ డాక్టర్ గారు ఫోన్లో." నలభై మంది రోగులకు ఒక్క సిస్టర్ ఉన్న రాత్రులు నేను చూశాను. ఆమె చేతిలో సిరంజి ఉంది, నాలుగు వైపుల నుంచీ పిలుస్తున్నారు. ఆ చెయ్యి తప్పు చేస్తే ఆమెకు మెమో ఇస్తాం.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి.

చాలా ఏళ్ళ కిందట, పేరు చెప్పను, ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు ఒక సిస్టర్ మధ్యాహ్నం భోజనాల వేళ నా దగ్గరికొచ్చింది. చెయ్యి చల్లగా ఉంది. యాంటీబయాటిక్ పొడిని కలపడానికి డిస్టిల్డ్ వాటర్ ఆంపుల్ అనుకుని పొటాషియం క్లోరైడ్ ఆంపుల్ విరిచిందట. రెండూ పది మి.లీ. ఆంపుల్సే. ఒకే ట్రేలో ఉన్నాయి. విరిచాక ఎందుకో లేబుల్ చూసింది. చూడకపోతే? పది మి.లీ. ఆంపుల్‌లో 15 శాతం పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఆమె నాతో చెప్పి, "ఎవరికీ చెప్పొద్దు సార్" అంది. నేను చెప్పలేదు. ఎక్కడా రాయలేదు. ఆమెకు మంచి చేశాననుకున్నాను. ఆ ట్రే మాత్రం అలాగే ఉంది. మర్నాడు ఇంకో సిస్టర్ డ్యూటీలోకి వచ్చింది.

మా శాస్త్రంలో పొరపాట్లను ఎ నుంచి ఐ దాకా వర్గాలుగా వేస్తారు. ఎ అంటే తప్పు జరగడానికి అవకాశం ఉన్న పరిస్థితి, బి అంటే జరిగి రోగి దాకా చేరనిది, చివరి ఐ అంటే మరణం. ఆ రోజు మేము చూసింది బి. ఆ ట్రే ఉన్న తీరు ఎ. మన దగ్గర ఎంక్వయిరీ మొదలయ్యేది ఐ దగ్గర. పేపర్లో "వైద్యం వికటించి మృతి" అని వస్తుంది, బంధువులు అద్దాలు పగలగొడతారు, ఒక సిస్టర్ సస్పెండ్ అవుతుంది, మూడు నెలలకు అందరూ మర్చిపోతారు. ట్రేని మాత్రం ఎవరూ సస్పెండ్ చెయ్యరు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 1998లో మొదలుపెట్టిన హెచ్చరికల్లో మొట్టమొదటిది ఈ పొటాషియం క్లోరైడ్ మీదే. వార్డుల్లో గాఢంగా ఉన్న ఆంపుల్స్ ఉంచకండి, ఫార్మసీలో పెట్టండి అని. సిస్టర్లకు ఇంకా జాగ్రత్త నేర్పండి అని కాదు. ఆంపుల్‌ని అక్కడి నుంచి తీసెయ్యండి అని.

ఫార్మసిస్టు వార్డులోకి వస్తే ఏమవుతుంది అనడానికి కూడా జవాబు ఉంది. 1999లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ ఐసీయూలో, డాక్టర్ లూషియన్ లీప్ బృందం ఒక ఫార్మసిస్టుని రోజూ రౌండ్స్‌లో నిలబెట్టి చూసింది. మందు రాసేటప్పుడే ఆపగలిగిన హాని, వెయ్యి రోగి దినాలకు (ఒక రోగి ఒక రోజు ఉంటే ఒక రోగి దినం) 10.4 ఉన్నది 3.5కి దిగింది. ఆ ఫార్మసిస్టు చేసిన 366 సూచనల్లో 362 డాక్టర్లు ఒప్పుకున్నారు. నాకు ఈ రెండో అంకె మీదే ఎక్కువ మక్కువ. ఫార్మసిస్టు వస్తే డాక్టర్లకు అహం దెబ్బ తింటుంది, గొడవలవుతాయి అని మన దగ్గర అనుకుంటారు. నా అనుభవంలోనూ గొడవలు తక్కువే. "సార్, క్రియాటినిన్ 3 ఉంది, ఈ డోసు తగ్గిద్దామా?" అని, కిడ్నీల పరీక్ష చూపించి, పక్కకు పిలిచి మెల్లగా అడిగితే కాదన్న డాక్టర్లు నాకు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది. అందరి ముందు అడిగితే వేరే కథ. అది ఏ ఊళ్ళో అయినా అంతే.

మన దగ్గర మనుషులు లేరా? 2008లో ఫార్మసీ కౌన్సిల్ ఈ ఆరేళ్ళ ఫార్మ్ డి కోర్సు పెట్టింది దీనికోసమే. ఐదేళ్ళు చదువు, ఆరో ఏడాది మొత్తం ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. అందులో ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లోనే. కోర్సు పెట్టాలంటే కాలేజీకి కనీసం 300 పడకల బోధనాసుపత్రి తోడుండాలని షరతు కూడా పెట్టింది. తెలుగు రాష్ట్రాల్లో ఫార్మ్ డి కాలేజీలకు కొదవ లేదు. పిల్లలు ఏటా బయటికొస్తున్నారు. వచ్చి హైదరాబాదులో మెడికల్ కోడింగ్ కంపెనీల్లో రాత్రి షిఫ్టులు చేస్తున్నారు. వేరే దేశపు ఆసుపత్రుల బిల్లులకు కోడ్‌లు వేస్తున్నారు. ఆ పనిని తక్కువ చేసి మాట్లాడను, అన్నం పెట్టే పని. కానీ వ్యాంకోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌కి డోసు కట్టడం నేర్చుకున్న పిల్ల ఆ పనిలో కూర్చుంటే నాకు కడుపు మండుతుంది.

అయితే ఈ లేఖ పోస్టుల కోసం కాదు. పోస్టులు కావాలి, కానీ ఆ లేఖ ఆర్థిక శాఖ వారికి రాయాలి. మీ చేతిలో లేనిది మిమ్మల్ని అడగను.

మా తప్పు సంగతి చెబుతానన్నాను. ఆ నల్ల అట్ట పుస్తకాల్లో సగం పనికిరానివి. "ఫలానా ఆసుపత్రిలో బీపీ మందుల వాడకం తీరు" అన్న టాపిక్ మా బీరువాలోనే ఎన్నిసార్లు ఉందో చెప్పాలంటే సిగ్గేస్తుంది. చివరి పేజీలో ఎప్పుడూ "ఇంకా విస్తృత పరిశోధన అవసరం" అని ఉంటుంది. పిల్లల తప్పు కాదు, టాపిక్ ఇచ్చిన మాది. మార్కులకు సులువైనది, కేస్ షీట్‌లో తేలిగ్గా దొరికేది ఇస్తాం. ఒక ఏడాది పిల్లలు చూసినదాన్ని మరుసటి ఏడాది పిల్లలు మళ్ళీ కొలవరు. కాబట్టి ఏదైనా మారిందో లేదో ఎవరికీ తెలియదు.

కానీ మిగతా సగంలో బంగారం ఉంది. సర్జరీ వార్డులో ఆపరేషన్‌కి ముందు ఇవ్వాల్సిన యాంటీబయాటిక్ కోతకు ఎంత ముందు పడుతోంది, తర్వాత అవసరం లేకపోయినా ఎన్ని రోజులు నడుస్తోంది? అడ్మిట్ అయిన ప్రతి ఒక్కరికీ గ్యాస్ ఇంజెక్షన్ ఎందుకు పడుతోంది, డిశ్చార్జ్ చీటీలోకి కూడా అదే బిళ్ళ ఎందుకు ఎక్కుతోంది? మూర్ఛకిచ్చే ఫెనిటాయిన్ ఇంజెక్షన్‌ని నార్మల్ సెలైన్‌లో కాకుండా డెక్స్ట్రోజ్‌లో కలిపారా, కలిపితే అది తెల్లగా విరిగిపోవడం ఎవరైనా చూశారా? ఇంటి దగ్గర వాడుతున్న బీపీ బిళ్ళనే ఆసుపత్రిలో వేరే బ్రాండు పేరుతో మళ్ళీ రాస్తే, ఇంటికెళ్ళాక రోగి రెండూ వేసుకుంటున్నాడా? ఈ నాలుగో ప్రశ్న వేసిన అమ్మాయి డిశ్చార్జ్ అయ్యేవాళ్ళ మందుల సంచులు కుర్చీ మీద గుమ్మరించి చూసేది. సంచిలో ఏముందో ఆమెకు తెలిసినంత మీ కంప్యూటర్‌కి తెలియదు. స్టోర్స్ నుంచి ఏ మందు ఎంత వెళ్ళిందో ఈ-ఔషధి అనే సర్కారు మందుల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది. సంచిలోకి వెళ్ళాక ఏమైందో కనిపించదు.

కాబట్టి నేను అడిగేది ఇది. మీ ఆసుపత్రిలో మందుల వాడకాన్ని చూసే డ్రగ్స్ అండ్ థెరప్యూటిక్స్ కమిటీ ఉంటుంది, కనీసం కాగితం మీద. మూడు నెలలకోసారి ఒక మధ్యాహ్నం దాన్ని కూర్చోబెట్టండి. ఆ ఏడాది మీ వార్డుల్లో ప్రాజెక్టు చేసిన పిల్లల్ని పిలవండి. స్లైడ్లు వద్దు. "ఏం చూశారు? ఏం మార్చాలి?" అని రెండు ప్రశ్నలడగండి. అక్కడ నర్సింగ్ సూపరింటెండెంట్ గారు ఉండాలి. ఆవిడ లేకుండా ఏ నిర్ణయం చేసినా అది వార్డు గుమ్మం దాటదు. విన్నవాటిలో ఒక్కటంటే ఒక్కటి మార్చండి. ట్రే మార్చండి, సిరంజి పక్కన రంగు కాగితం అతికించండి, ఇంజెక్షన్ల టైములో సిస్టర్‌ని పిలవొద్దని గోడ మీద రాయించండి. ఏదో ఒకటి. మరుసటి ఏడాది అదే వార్డులో, అదే పద్ధతిలో మళ్ళీ కొలవమని మాకు చెప్పండి. మార్పు పనిచేసిందో లేదో తేలుతుంది. పనిచేయకపోతే అది కూడా మనకు తెలిసిన విషయమే అవుతుంది.

మా టాపిక్‌లు కూడా మీరే ఇవ్వండి. మీకు రాత్రి నిద్రపట్టనివ్వని వార్డు ఏదో మీకే తెలుసు.

ఇంకొకటి ఉంది, ఇది మీ సంతకంతోనే అయ్యే పని. పొరపాటు రాసిన మనిషికి శిక్ష ఉండదని ఒక సర్క్యులర్ ఇవ్వండి. నిర్లక్ష్యంగా తాగి డ్యూటీకొచ్చిన వాడి సంగతి కాదు నేను చెప్పేది. లేబుల్ చూసి ఆగిన సిస్టర్ సంగతి. పేరు లేని ఒక పెట్టె, ఒక కాగితం, ఏ మందు, ఏ సమయం, ఏ వార్డు, ఏమైంది, అంతే. రాసిన వాళ్ళ పేరు అడగకూడదు, రోగి పేరూ వద్దు. మొదటి రెండు నెలలు పెట్టె ఖాళీగా ఉంటుంది. నమ్మకం కుదిరాక నిండటం మొదలవుతుంది. నిండినప్పుడు కంగారుపడి "మా ఆసుపత్రిలో పొరపాట్లు పెరిగాయి" అని పెట్టె ఎత్తెయ్యకండి. పెరిగింది పొరపాట్లు కాదు, చెప్పే ధైర్యం.

మందుల వల్ల వచ్చే రియాక్షన్లకు ఇలాంటి ఏర్పాటు దేశం మొత్తానికి ఇప్పటికే ఉంది. ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ 2010లో ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదలై, 2011లో ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కి మారింది. 1800-180-3024 అని ఉచిత నంబరు ఉంది, రోగులే ఫోన్ చేయొచ్చు. ఇలా చేరిన రిపోర్టులను చూసే 2023 చివర్లో నొప్పులకు వాడే మెఫెనమిక్ యాసిడ్ మీద హెచ్చరిక వచ్చింది, అరుదుగా ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరం, లోపలి అవయవాలకు దెబ్బ వరకు వెళ్ళొచ్చని. ఎక్కడో ఎవరో ఒక ఫారం నింపబట్టే అది బయటికొచ్చింది. మన ఊళ్ళలో రోగులు "ఆ మందు నాకు పడలేదు" అని రోజూ చెబుతూనే ఉంటారు. ఆ ఒక్క మాటను మేము ఫారంలోకి ఎక్కిస్తే అది రిపోర్టు, ఎక్కించకపోతే గొణుగుడు. మీ ఓపీలో ఆ మాట వినడానికే ఒక ఇంటర్న్‌ని, ఒక కుర్చీని పెట్టగలరా? కుర్చీ మేమే తెచ్చుకుంటాం.

కొందరు డాక్టర్లు అడుగుతారని తెలుసు. "ఈ లెక్కలన్నీ రేపు కోర్టుకి వెళ్తే?" భయం న్యాయమైనదే. అందుకే పేర్లు వద్దంటున్నాను, పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా ముందే తీసుకోవాలి. అంతకంటే పెద్ద భయం నాకు ఇంకోవైపు ఉంది. మీ వార్డులో ఒక ప్రమాదం పొంచి ఉందని మీ ఆసుపత్రిలోనే చేసిన ప్రాజెక్టులో రాసి ఉండి, సంతకాలు పెట్టి, బైండు చేసి, లైబ్రరీలో పెట్టాం. రేపు అదే ప్రమాదం జరిగితే మనం ఎవరం తెలియదని చెప్పగలం?

మా దగ్గర ఈ ఏడాది ఐదో ఏడాది పిల్లలు టాపిక్‌లు వెతుక్కునే పనిలో ఉన్నారు. మీరు చెప్పేదాకా ఆగమన్నాను. మీ దగ్గర్లోని ఫార్మసీ కాలేజీలోనూ ఇదే కాలం, ఇదే పని. ఆ ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి, మీ ఆసుపత్రి పేరుతో వాళ్ళ బీరువాలో ఎన్ని పుస్తకాలు ఉన్నాయో అడగండి. పంపమంటే పంపుతారు. బైండింగ్ కొంచెం బూజు పట్టి ఉండొచ్చు, తుడుచుకుని చదవండి.

ఇట్లు
మీ వార్డుల్లో పిల్లలతో తిరిగే ఒక ఆసుపత్రి ఫార్మసిస్టు